ఎర్రల కుండకు కాపలా

మా తాత కూర్మయ్య దేన్నయినా ముందు ముక్కుతో చూస్తాడు, ఆ తరువాతే కళ్ళతో చూస్తాడు. పాలు పోయించుకున్న వెంటనే గిన్నె ఎత్తి వాసన చూస్తాడు. రేషను బియ్యం గుప్పెడు తీసి వాసన చూస్తాడు. నేను బజారు నుంచి వస్తే నా చున్నీ కొస పట్టుకుని, "బండి మీదొచ్చినావు. ఎవల బండి?" అని అడుగుతాడు. ఆటోలో వచ్చానంటే ఆటోవాడి ఊరు, ఇంటిపేరు కావాలి. అవి చెప్పినా నమ్మడు. మర్నాడు ఆటో స్టాండు దగ్గర టీ తాగుతూ నిజమో కాదో కనుక్కుని వస్తాడు.

ఈ అనుమానం ఆయనకు ఉద్యోగంతో పాటు వచ్చింది. తాత రాజాంలో ఒక జూట్ మిల్లులో పనిచేశాడు. గోగునార కట్టలు విప్పి, నూనె, నీళ్ళు కలిపి చల్లి నారను మెత్తబరిచే చోట వయసంతా గడిపాడు. నడుము వంగడం మానేశాక గేటు దగ్గర వేశారు. షిఫ్టు దిగి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళ సంచులు, టిఫిన్ కేరియర్లు తడిమి చూడడం పని. ఒకసారి సొంత బావమరిది కేరియర్ విప్పించాడట. అడుగు గిన్నెలో మజ్జిగన్నం కింద మిల్లు సుతిలి తాడు ఉండ దొరికిందట. నానమ్మ తరఫువాళ్ళు ఇప్పటికీ మా ఇంటికి వస్తే సంచులు గడప బయటే పెట్టి లోపలికి వస్తారు.

ఆ మిల్లుకు తాళం పడి చాలా కాలమైంది. రిటైరైన రోజు ఇచ్చిన కొత్త గోనె సంచులు మాత్రం తాత ఇనప పెట్టెలో మడత నలగకుండా ఉన్నాయి. చిన్నప్పుడు దాగుడుమూతల్లో నేను ఆ పెట్టె వెనకే దాక్కునేదాన్ని. మూత సందులోంచి ఒక వాసన వచ్చేది. అది తాత పెట్టె వాసన, అంతే. నాకు ఇష్టం.

నా సంగతి చెప్పాలంటే, ఇంటర్లో కొన్ని సబ్జెక్టులు మిగిలిపోయాయి. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. నాన్న లారీ మీద తిరుగుతాడు, అమ్మ గజపతినగరంలో చీరల దుకాణంలో పనిచేస్తుంది. నేను తాతకూ నానమ్మకూ మధ్య మాటలు మోస్తూ ఇక్కడ రాజాంలోనే ఉంటాను.

మా ఇంటిని ఆనుకుని ఒక చిన్న వాటా ఉంది. అందులోకి పాల్, గ్లోరీ అద్దెకు దిగారు. పాల్ కాలేజీలో జువాలజీ ల్యాబు అటెండరు. గ్లోరీ చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఇద్దరూ నెమ్మదైన మనుషులు. అదే తాతకు నచ్చలేదు. చప్పుడు చేయని మనిషి ఏదో చేస్తున్నట్టే లెక్క అంటాడు.

వాన కురిసిన మర్నాడల్లా పాల్ పెరట్లో మునగచెట్టు కింద గొంతుకూర్చుని చెంచాతో మట్టి గెలికేవాడు. పక్కన కొబ్బరి చిప్ప ఉండేది. తాత గోడవారన పళ్ళు తోముకుంటున్నట్టు నిలబడి చూసేవాడు. పళ్ళు అరిగిపోయేదాకా తోమాడు.

"ఓలె గుంటా, ఆడేటి పాతిపెడతన్నాడో సూడు."

"పాతట్లేదు తాతా. తవ్వుతన్నాడు."

"తవ్వుతన్నాడంటే ముందే పాతిపెట్టినాడన్నమాట."

నేను వెళ్ళి చిప్పలోకి తొంగి చూసి వచ్చాను. అందులో ఉన్నవి ఎర్రలు. వాన పడితే నేలలోంచి బయటికొచ్చే, గేలానికి గుచ్చే మామూలు ఎర్రలు. ఆ మాట విని తాత మరింత అనుమానంలో పడ్డాడు. పాల్ దగ్గర గేలం లేదు. ఎప్పుడూ చేపలు పట్టి తెచ్చింది లేదు. ఇక ఎర్రలతో పనేమిటి? తాతకు ఆ రోజు అన్నం సహించలేదు. సాయంత్రం చొక్కా తొడుక్కుని, గోడకు చెమ్మ ఎక్కిందేమో చూడాలంటూ పాల్ వాటాలోకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

గోడకు చెమ్మ లేదు. గోడ పక్కన గాజు తొట్టె ఉంది. అడుగున గులకరాళ్ళు, కాస్త నాచు, సగానికి నీళ్ళు. ఒక రాయి మీద వేలెడంత జంతువు పడుకుని ఉంది. వీపు నల్లగా, పొట్ట పండుమిరపకాయ రంగులో, దాని మీద నల్ల మచ్చలు. నీళ్ళలో ఇంకొకటి తోక ఊపుకుంటూ తిరుగుతోంది.

"బల్లులు," అన్నాడు తాత.

"బల్లులు కావు మావయ్యా. న్యూట్లు అంటారు. కప్పల జాతివి."

"కప్పకి తోకుంటాదేటి?"

"వీటికి ఉంటాది."

"మరి కప్ప ఎలగవుద్ది?"

పాల్ ఓపిగ్గా చెప్పాడు. ఇవి మన దేశానివి కావు. విశాఖపట్నంలో తనకు పని నేర్పిన పెద్దాయన రిటైరవుతూ ఇచ్చాడు. అటవీ శాఖలో నమోదు చేయించిన కాగితాలున్నాయి. తాత ఆ కాగితాలు అడిగి తీసుకుని దీపానికి ఎదురుగా పట్టి చూశాడు, వాసన చూశాడు, సిరా కొత్తగా ఉన్నాదని గొణిగి తిరిగిచ్చాడు. వాటి చర్మం మీద కొంచెం విషం ఊరుతుంది, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని పాల్ చెప్పగానే తాత నా వైపు, అనుకున్నంతా అయిందన్నట్టు చూశాడు.

మగదాని పేరు యోనా. ఆడదాని పేరు రూతు. ఆ పేర్లు గ్లోరీ పెట్టింది.

ఆ మర్నాటి నుంచి తాత రోజూ సాయంత్రం వాళ్ళ వాటాకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎందుకని నానమ్మ అడిగితే, ఓ కన్నేసి ఉంచాలి కదా అన్నాడు. కన్నేసి ఉంచే ఆ మనిషి స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చేయి పెట్టుకుని, యోనా ఎర్రను అందుకుంటే "ఆఁ, పట్టినాడు" అని తనలో తాను నవ్వుకోవడం నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

ఎండాకాలంలో రూతుకు జబ్బు చేసింది. తిండి మానేసి, తొట్టె మూల ముడుచుకుపోయింది. గ్లోరీ దాన్ని వేరే గిన్నెలో ఉంచి, చల్లటి నీళ్ళు మార్చి మార్చి బతికించుకుంది. అంతకు ముందు సంవత్సరమే గ్లోరీకి కడుపు నిలవక పోయింది. చలికాలం వచ్చేసరికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. విశాఖలో డాక్టరమ్మ చూసి, కాన్పయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉండాలి, మంచం దిగకూడదు, దిగులు పడకూడదు అని చెప్పింది.

పాల్ సెలవు పెట్టాడు. బయలుదేరే ముందు మా అరుగు మీదికి వచ్చి వాటా తాళంచెవి తాత చేతిలో పెట్టాడు.

"నాకెందుకు?" అన్నాడు తాత.

"న్యూట్లని సూసుకోడానికి మావయ్యా."

"ఊళ్ళో ఇంకెవల్లూ లేరేటి? మీ చర్చీ వోళ్ళున్నారు కదా."

"ఆళ్ళు మంచోళ్ళు. బాగానే ఉన్నాయనుకుని వదిలేస్తారు. మీరైతే ఎప్పుడూ బాగానే ఉన్నాయనుకోరు. రోజూ ఏదో అయిందనే సూస్తారు. వీటికి అలాంటి మనిషే కావాల."

తాత ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. జీవితమంతా ఇతరుల సంచులు విప్పించిన మనిషికి తాళంచెవి ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. మా బీరువా తాళం కూడా నానమ్మ బియ్యం డబ్బాలో దాస్తుంది. తాత దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. స్నానానికి కూడా విప్పలేదు.

పాల్ వెళ్ళే ముందు పని నేర్పాడు. న్యూట్లు కదిలే తిండే తింటాయి. ఎర్రలు మునగచెట్టు కిందివే తేవాలి. పెంటకుప్పలో దొరికే సన్నటి ఎర్రటివి చేదు, ఉమ్మేస్తాయి. జల్లించిన మట్టి తడి ఆరకుండా ఉంచి, ఎండుటాకులు, మాగిన క్యాబేజీ ఆకులు వేసి ఎర్రలను అందులో ఉంచాలి. ఉప్పు, కారం, ఉల్లిపాయ దగ్గరికి రానివ్వకూడదు. తినిపించే ముందు రోజు కొన్నింటిని ఏరి తడిగుడ్డలో ఉంచితే కడుపులో మట్టి వదిలేస్తాయి. అప్పుడు మంచినీళ్ళలో కడిగి, పెద్దవైతే బ్లేడుతో తుంచి, పట్టకారుతో నోటి ముందు ఆడించాలి.

"ఎర్రకి ముక్కుండదు మావయ్యా. ఒళ్ళంతా ఊపిరే పీలుస్తాది. చర్మానికి ఏది అంటినా సచ్చిపోతాది," అన్నాడు. ఆఖరున, "యోనా వారం పస్తున్నా తట్టుకుంటాడు. రూతు తట్టుకోలేదు. ఆ జబ్బు నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు."

గ్లోరీ కారులోంచి, "మావయ్యా, సాయంత్రం సాయంత్రం ఫోన్ సేస్తాను. రూతు తిందో లేదో సెప్పండి," అంది. ఇంకేదో అనబోయి కారు తలుపు వేసుకుంది.

పాల్ ఎర్రలను బెజ్జాలు పెట్టిన పాత రంగు డబ్బాలో ఉంచి వెళ్ళాడు. తాతకు ఆ డబ్బా ఎంతమాత్రం నచ్చలేదు. మూత లేదు. దారిన పోయేవాడెవడైనా చేయి పెట్టవచ్చు, కోడి ముక్కు పెట్టవచ్చు. కుమ్మరి దగ్గర కొత్త కుండ తెప్పించాడు. ఇనప పెట్టె తెరిచాడు. మడత నలగని ఆ కొత్త గోనెల్లో ఒకటి కత్తిరించి కుండ అడుగున పరిచాడు, ఇంకొకటి తడిపి పైన కప్పాడు. ఆ గోనెలను నానమ్మ బియ్యానికి అడిగితే ఇవ్వలేదు, నాన్న లారీకి అడిగితే ఇవ్వలేదు. ఎర్రలకు ఇచ్చాడు.

"కంపెనీ గోనె. దీన్ని దాటి గాలి తప్ప ఇంకేదీ పోదు," అన్నాడు.

రెండో రోజుకు ఎర్రలు కుండ అంచుకు పాకి వచ్చి, వడిలిన తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి. చాలా వాటిలో కదలిక లేదు.

తాత వాటిని చూసి కంగారు పడలేదు. చుట్టూ చూశాడు. గేటు దగ్గర సైరన్ మోగాక బయటికొచ్చే గుంపును చూసినట్టు మా అందరినీ చూశాడు.

మొదటి అనుమానం నానమ్మ మీద. అవి మార్గశిర మాసం లక్ష్మివారాలు, అంటే గురువారాలు. ఆ రోజుల్లో మా నానమ్మ గున్నమ్మ వేకువనే లేచి ఇల్లంతా కడిగి, గడపలకు పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, మహాలక్ష్మికి పూజ చేస్తుంది. ఇంట్లో పసుపు నీళ్ళు తగలని వస్తువు ఉండదు. నాకూ తగులుతాయి.

"నీ పసుపు నీళ్ళే కుండ మీద పడ్డాయి," అన్నాడు తాత.

"అది గుమ్మం కాదు, దేవుడి పీట కాదు. పురుగుల కుండకి పసుపు సల్లడానికి నాకు వేరే పనిలేదేటి?"

"నీకు ఇష్టం లేదు. నాను ఏది సేపట్టినా నీకు ఇష్టం ఉండదు. వచ్చిన్నాటి నుంచి అంతే. కొత్త కోడలివై వచ్చి ఈ ఇంటి అన్నం ముట్టనన్న మనిషివి."

ఈ మాట మా ఇంట్లో పాతదే. ప్రతి తగువూ తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది. నానమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు అన్నం తినలేదట. తనను చేసుకోవడం ఆమెకు ఇష్టం లేకపోవడం వల్లేనని తాత అప్పుడే తేల్చేసుకున్నాడు. ఆ కేసు ఇప్పటికీ నడుస్తోంది. నానమ్మ ఎప్పటిలాగే చీపురు తీసుకుని అవతలికి పోయింది.

రెండో అనుమానం ఎదురింటి సీతమ్మ కోళ్ళ మీద. తాత వెళ్ళి అడిగితే ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూనే జవాబిచ్చింది.

"మా కోడి ఎర్రని సంపి, దండెం మీద ఆరేసి పోద్దేటి బావా? కనిపిస్తే మింగుద్ది. నీ ఎర్రలు అక్కడే ఉన్నాయంటే మా కోళ్ళు రానట్టే."

తాత తిరిగి వస్తూ, ఆ మనిషి ముందే జవాబు సిద్ధం సేసుకుని ఉన్నాది సూసినావా అన్నాడు.

మూడో అనుమానం నేను. నా వేళ్ళు వాసన చూశాడు. పొద్దున తిన్న ఉల్లిపాయ పకోడీ వాసన తగిలింది. ఆ ఒక్క పకోడీ మీద నన్ను చాలాసేపు విచారించాడు. చేయి కడుక్కునే తిన్నానా, తిని కడుక్కున్నానా, కడుక్కోకముందు ఎటు వెళ్ళాను. ఆఖరికి నాకే నా మీద అనుమానం వచ్చింది.

నేను మళ్ళీ చెంచా పట్టుకుని మునగచెట్టు కింద తవ్వి కొత్త ఎర్రలు తెచ్చాను. ఈసారి తాత పట్టుదలగా కాపలా ఏర్పాటు చేశాడు. కుండ చుట్టూ బూడిద చల్లాడు, ఎవరైనా వస్తే అడుగు పడాలని. ఒక గోనె చాలదని దాని మీద ఇంకో గోనె కప్పాడు. గాలికి లేవకుండా సుతిలితో మిల్లు ముడి వేశాడు. ఆ ముడి మిల్లువాళ్ళు తప్ప ఎవరూ విప్పలేరట. తరువాత ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

బూడిదలో అడుగు పడలేదు. ముడి చెదరలేదు. ఎర్రలు ఇంకా తొందరగా చచ్చాయి.

"లోపలి మనిషే," అన్నాడు తాత నెమ్మదిగా. ఆ కుండలో లోపలి మనుషులంటే ఎర్రలు తప్ప ఎవరూ లేరని నేను అనలేదు. ఆయన ముఖం చూశాక అనబుద్ధి కాలేదు.

ఎందుకంటే అవతల వాటాలో రూతు తినడం మానేసింది. చావగా మిగిలిన వాటిలో కాస్త కదిలేవి ఏరి, కడిగి, తాత పట్టకారుతో దాని ముందు ఆడించాడు. రూతు దగ్గరికి వచ్చింది, నోట పట్టింది, రెండుసార్లు తల విదిలించి ఉమ్మేసింది. యోనా కూడా ఉమ్మేశాడు. ఉమ్మేసి, ఏమిటిది అన్నట్టు మా వైపు చూశాడు. నీళ్ళలో ఎర్ర ముక్క అడుగుకు పోయింది. దాన్ని తీసి పారేసి, చేతులు కడుక్కుని మేము అరుగు మీదికి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"మావయ్యా, రూతు తిందా?"

తాత ఫోన్‌ను ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చాడు.

"నాను సూసినప్పుడు నోట్లోనే ఉన్నాదమ్మా," అన్నాడు.

అబద్ధం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక తాత నా వైపు చూడలేదు. ఇలాంటి జవాబులు గేటు దగ్గర ఆయన ఎన్ని విని ఉంటాడో, చెప్పినవాళ్ళను ఏం చేసి ఉంటాడో నాకు తెలుసు.

రూతు రోజురోజుకూ సన్నబడింది. తోక మొదట్లో ఎముక పొడుచుకు వచ్చింది. తాత స్టూలు మీద కూర్చుని దాన్ని చూస్తూ మొలతాడుకున్న తాళంచెవిని వేళ్ళతో తడుముకునేవాడు. ఆయనకూ తిండి తగ్గింది. నేను చాటుగా పాల్‌కు ఫోన్ చేసి, ఎర్రలు ఎందుకో నిలవడం లేదని మాత్రం చెప్పాను. ఉమ్మేసిన సంగతి చెప్పలేదు. పక్కన గ్లోరీ వింటోందేమోనని భయం.

"కుండకి ఏదైనా మందు తగిలిందేమో సూడమ్మా. కొన్ని ఎర్రల్ని తడిమట్టితో డబ్బాలో ఏసి ఫ్రిజ్జులో కింద ఉంచండి. సల్లగా ఉంటే నిలుస్తాయి," అన్నాడు పాల్.

నేను ఆ మాట తాతకు చెప్పాను. ఆయనకు అందులో మందు అనే ముక్క ఒక్కటే వినిపించింది. "మందు పెట్టినారు," అన్నాడు. అప్పటిదాకా అనుమానించడం మరిచిపోయిన పాలవాణ్ణి, మునిసిపాలిటీ దోమల మందు కుర్రాణ్ణి కూడా జాబితాలో చేర్చుకున్నాడు.

ఫ్రిజ్జు విషయంలో నానమ్మతో పెద్ద ఒప్పందమే జరిగింది.

"పాలు, పెరుగు, దేవుడి కొబ్బరికాయ ఉన్న ఫ్రిజ్జులో పురుగులేటి?" అంది.

"డబ్బాలో ఉంటాయి. బయటికి రావు."

"లక్ష్మివారం నాడు ఉండకూడదు."

"లక్ష్మివారం అయితే ఆకలెయ్యదేటి దానికి?"

నానమ్మ ఫ్రిజ్జు తలుపు తీసింది. "ఆ పిల్ల రోజూ ఫోనులో అడుగుతంది కదా," అని, కూరగాయల అర వెనక చోటు చూపించింది.

తాత స్టీలు డబ్బా మూతకు బెజ్జాలు పెట్టి, కొత్త ఎర్రలను తడిమట్టిలో ఉంచాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన మా తాత ఎందుకవుతాడు. డబ్బా ఎవరూ విప్పకుండా ఒక గోనె ముక్క తడిపి చుట్టూ చుట్టి, సుతిలితో మిల్లు ముడి వేసి లోపల పెట్టాడు.

మర్నాడు లక్ష్మివారం. నానమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టు కొస ముడి వేసుకుని, నైవేద్యానికి పాలు తీయాలని ఫ్రిజ్జు తలుపు తెరిచింది. మూసేసింది. మళ్ళీ తెరిచి, తల కాస్త లోపలికి పెట్టింది. అలా ఉండిపోయింది. నేను గుమ్మం దగ్గర ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడి చూస్తున్నాను.

"ఇదిగో, ఇలగొకసారి రా," అని తాతను పిలిచింది.

"ఏటి?"

"ఫ్రిజ్జులో నీ వాసనొస్తంది."

తాతకు కోపం వచ్చింది. "ఇప్పుడే తానం సేసినాను."

"ఇప్పటి వాసన కాదు. మిల్లు నుంచి వచ్చినప్పటి వాసన. నీ బనీను, నీ తువ్వాలు, నీ ఒళ్ళు, అన్నీ ఇదే కంపు కొట్టేవి. ఎన్నాళ్ళయిందో ఈ వాసన తగిలి."

తాత ఫ్రిజ్జులో తల పెట్టాడు. గట్టిగా పీల్చాడు. డబ్బా బయటికి తీసి ముక్కుకు ఆనించి పీల్చాడు. "ఏ వాసనా రాదు," అన్నాడు. నాకు అందించాడు.

"పెట్టె వాసన తాతా. నీ పెట్టె వాసన."

"పెట్టెకేటి వాసనుంటాది? అది నూని వాసన," అంది నానమ్మ. "నారకి సల్లే నూని. కిర్సనాయిలు లాగుంటాది. గోనె నిండా అదే."

తాత మళ్ళీ వాసన చూశాడు. ఇంట్లో ఎవరికీ తెలియని వాసనలన్నీ ఆయనకు తెలుస్తాయి. పాలలో నీళ్ళు తెలుస్తాయి, నా చున్నీ మీద ఎవరి బండి పొగో తెలుస్తుంది. ఈ ఒక్కటి మాత్రం ఆయనకు గాలితో సమానం. ఆ నూనెలోనే వయసంతా తిరిగిన మనిషి.

"ఒళ్ళంతా ఊపిరే పీలుస్తాది అన్నాడు కదా తాతా పాల్ బాబు," అన్నాను.

ఆయన డబ్బా వైపు చూశాడు. పెరట్లో రెండు గోనెలు కప్పి, ముడి వేసి, బూడిద చల్లి కాపలా కాసిన కుండ వైపు చూశాడు. నానమ్మ పాల గిన్నె పక్కన పెట్టి, ఎవరితోనో కాదన్నట్టు, ఫ్రిజ్జు తలుపుతో చెప్పినట్టు చెప్పింది.

"ఉమ్మేస్తాది మరి. నాను కాపరానికొచ్చిన కొత్తలో ఈ వాసనకే కదా అన్నం ముట్టలేనిది. నివ్వు పక్కన కూకుంటే ముద్ద నోట్లో ఎట్టుకోగానే బయటికొచ్చీసేది."

తాత డబ్బా కింద పెట్టాడు.

"ఆ మాట అప్పుడు సెప్పలేదేటి?"

"నివ్వు అడిగినావేటి? నివ్వెప్పుడూ అడగవు. సూస్తావు."

పొయ్యి మీద పాలు పొంగాయి. నానమ్మ అటు వెళ్ళింది. తాత పెరట్లోకి వెళ్ళి కుండ ముందు కూర్చుని, మిల్లువాళ్ళు తప్ప ఎవరూ విప్పలేని ఆ ముళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. గోనెలు తీసి దూరంగా కంచె మీద వేశాడు. వేసే ముందు ఇంకొకసారి ముక్కుకు ఆనించుకున్నాడు. ఈసారీ ఏమీ తగిలినట్టు లేదు.

కొత్త కుండ, కొత్త మట్టి. నేను మునగచెట్టు కింద తవ్వాను. పైన కప్పడానికి నానమ్మ తన పాత నూలు చీర ముక్క ఇచ్చింది, సబ్బు లేకుండా ఉడకబెట్టి ఆరేసినది. తాత దాన్ని వాసన చూడబోయి ఆగాడు. "ఏటైనా వస్తందా సూడు," అని నానమ్మకే అందించాడు. ఆమె చూసి, రావట్లేదంది. అప్పుడు కప్పాడు. ఊరంతా వచ్చి చేయి పెట్టగలిగేంత పల్చటి గుడ్డ. తాత దానికి ముడి వేయలేదు.

మర్నాడు ఎర్రలు అంచుకు పాకలేదు. క్యాబేజీ ఆకు కింద మట్టిలోకి దిగిపోయి ఉన్నాయి. కొన్నింటిని తడిగుడ్డలో ఉంచి, ఆ మర్నాడు కడిగి, తుంచి తీసుకెళ్ళాము. పట్టకారు నా చేతికిచ్చి తాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నివ్వు సూసి సెప్పు."

రూతు రాయి కింద నుంచి నెమ్మదిగా వచ్చింది. ఎర్ర ముక్క ముందు ఆగింది. తాతలాగే ముందు ముక్కు దగ్గరికి పెట్టింది. వెనక్కి జరిగింది. మళ్ళీ ముక్కు పెట్టింది. నా చేయి నొప్పి పుట్టింది.

"ఏటవుతంది?" అన్నాడు తాత గోడతో.

"అనుమానిస్తంది తాతా."

"మంచిదే. అనుమానించనీ."

రూతు చటుక్కున పట్టింది. తల విదిలించింది. ముందు కాళ్ళతో నోటి దగ్గర తోసుకుంటూ, కళ్ళు మూసి తెరుస్తూ, కొస దాకా మింగింది. ఇంకో ముక్క పెడితే అది కూడా. మూడో ముక్క యోనా లాక్కున్నాడు.

ఆ సాయంత్రం ఫోన్ మోగడానికి ముందే తాత దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "తిందమ్మా. నోట్లో కాదు, కడుపులోకి పోనాది. నా మనవరాలు సూసింది," అన్నాడు. తరువాత ఇన్నాళ్ళూ ఉమ్మేసిందని, తప్పు తన గోనెదని, ఉన్నదంతా చెప్పేశాడు. అవతల నుంచి గ్లోరీ ఏమందో నాకు వినపడలేదు. తాత మాత్రం "సరేనమ్మా, సరే, నివ్వు నవ్వకు, మంచం దిగకు," అన్నాడు.

గ్లోరీకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పాల్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. తొట్టెలో రూతును చూసి, పొట్ట వచ్చిందే అన్నాడు. తాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇవ్వబోతే, మీ దగ్గరే ఉండనివ్వండి మావయ్యా, మేము వచ్చాక కూడా అన్నాడు. పాల్ వెళ్ళాక తాత దాన్ని మళ్ళీ మొలతాడుకు కట్టుకుంటూ, "ఎందుకు ఉంచమన్నాడంటావు?" అని నన్ను అడిగాడు.

మిఠాయి డబ్బా మూత తీసి అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, సగంలో ఆపి, నానమ్మ వైపు జరిపాడు.

ఆ పూట అన్నాలయ్యాయి. నానమ్మ అంట్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళాక తాత నా పక్కకు జరిగి, గొంతు తగ్గించాడు.

"ఓలె గుంటా. మీ నానమ్మని ఒక మాట అడిగి రా. నాను అడిగినానని సెప్పకు."

"ఏటి?"

"అప్పట్లో అన్నం తిననిది నిజంగా వాసనకేనా అని."

నేను పెరట్లోకి వెళ్ళి, తాత అడగమన్నాడని చెప్పి అడిగాను. నానమ్మ గిన్నె తోముతూనే, తల ఎత్తకుండా, గడప అవతలికి వినపడనంత మెల్లగా చెప్పింది.

"సగం వాసన. సగం మనిషి. ఎల్లి సెప్పు."

నేను వెళ్ళి మొదటి సగమే చెప్పాను, వాసనకేనట అని. తాత నా ముఖంలోకి చాలాసేపు అనుమానంగా చూశాడు.